వన్నయ్య చెప్పిన వంశాలు

నల్లమలలో ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. వాగులు ఇంకిపోయి, కొండ కింది ఇసుకలో ఒక్క చెలమ మిగిలింది. పులి ఎప్పుడో అవతలి లోయకు దాటిపోయింది కాబట్టి ఆ బెంగ లేదు గానీ, మిగిలిన చిన్నా పెద్దా జంతువులన్నిటికీ ఆ చెలమే దిక్కయింది.

ఆ చెలమ ఒడ్డునే డిప్పమ్మ అనే ముసలి తాబేలు పొద్దున్నే పిల్లలకు చదువు చెప్పేది. తడి ఇసుకే పలక, ఆమె గోరే బలపం. పందిపిల్లలూ కుందేలు పిల్లలూ ముందు వరసలో కూర్చునేవి. వాటి పక్కనే బుడ్డి అనే అలుగుపిల్ల. బుడ్డిని తోక మీద ఎక్కించుకుని తెచ్చి దింపి, వాళ్లమ్మ గవ్వమ్మ పొద చాటున నిలబడి తనూ వినేది. గవ్వమ్మ బిడియస్తురాలు. ఒంటినిండా పొలుసులు, పళ్లు లేని బోసినోరు, చీమలూ చెదలూ తిని బతికే ప్రాణం. చేపకు కాళ్లొచ్చాయని అడవంతా ఆట పట్టిస్తుంటే పైకి నవ్వేసేది గానీ లోపల చివుక్కుమనేది.

ఒకనాడు బుడ్డి అడిగింది. "అవ్వా, అందరం ఒక్కరి నుంచే వచ్చినామంటివి గదా, మరి ఇన్ని రకాలుగా ఎట్లయినాం?"

"నీ వెనక మీ అమ్మను నిలబెట్టు. ఆమె వెనక వాళ్లమ్మను నిలబెట్టు. అట్లా నిలబెట్టుకుంటూ పో" అంది డిప్పమ్మ. "ఏ బిడ్డను చూసినా తల్లి పోలికే ఉంటుంది, రవ్వంత తేడాతో. ఒకదానికి చర్మం గోరు మాదిరి రవ్వంత గట్టిపడింది. కరిచినవాడి నోటికి చిక్కక అది బతికి బట్టకట్టింది. దాని బిడ్డలకూ ఆ గట్టిదనం వచ్చింది. ఆ రవ్వంతలన్నీ తరతరాలుగా కూడితే నువ్వైనావు. వెనక్కి పోగా పోగా పందిపిల్ల వరసా నీ వరసా ఒక్క అవ్వ దగ్గర కలుస్తాయి. ఇంకా వెనక్కి పోతే నా వరసా అందులోనే కలుస్తుంది."

అందరికంటే వెనక ఎవరున్నారని పందిపిల్ల అడిగితే, నీళ్లలో నలుసుకంటే చిన్న ప్రాణి ఉందనీ, దానికి కళ్లూ నోరూ ఏమీ లేవనీ చెప్పింది. అది ఎట్లా పుట్టిందంటే మాత్రం, తనకూ సరిగ్గా తెలియదు నాయనా, తెలిసిననాడు చెప్తానంది. తెలియనిది తెలియదని చెప్పే పంతులమ్మ మీద గవ్వమ్మకు ఎక్కడలేని నమ్మకం కుదిరింది.

ఈ చదువు గిట్టనివాడు ఒకడున్నాడు. వన్నయ్య అనే నక్క. ఇంటింటికీ తిరిగి వంశాలు చెప్పడం వాడి వృత్తి. గుహ ముందు నిలబడి, కళ్లు మూసుకుని, రాగం తీసి, మీ ముత్తాత ఇంతవాడు అంతవాడని పొగిడేవాడు. విన్నవాళ్లు మురిసిపోయి గడ్డలో, తునికిపళ్లో చేతిలో పెట్టేవారు. వెళ్తూ వెళ్తూ ఒక జాగ్రత్త కూడా చెప్పేవాడు, వంశం గుట్టు గడప దాటితే దిష్టి తగులుతుందని. దాంతో ఎవరి గొప్ప వాళ్ల ఇంట్లోనే ఉండిపోయేది.

ముత్తాత నలుసని పిల్లలు ఇళ్లకు వెళ్లి చెప్పడం మొదలెట్టాక వన్నయ్యకు రాబడి పడిపోయింది. వాడు పెద్దల్ని కూడగట్టాడు. అడవిపంది కోరయ్య దగ్గర కూర్చుని, మీ అంతటివాళ్ల బిడ్డను బురదలో పుట్టిందనడం ఎంత అవమానమని కన్నీళ్లు పెట్టుకున్నాడు. మర్నాటి నుంచి పిల్లలు చదువుకు రావడం మానేశారు. అక్కడితో ఆగాడా? నీళ్లు తక్కువగా ఉన్నాయి కాబట్టి వంశం ఉన్నవాళ్లు ముందు తాగాలనీ, లేనివాళ్లు ఆఖరున తాగాలనీ కోరయ్య చేత కట్టుబాటు పెట్టించాడు.

వన్నయ్యకు ఇవ్వడానికి గవ్వమ్మ దగ్గర చీమల గుడ్లు తప్ప ఏముంది? పొలుసులున్నది చేపల వంశమేననీ, చేపలకు వెంట్రుకలవాళ్ల మధ్య ఏం పని అనీ తేల్చేశాడు. ఆమె వంతు వచ్చేసరికి చెలమలో బురద మిగిలేది. మూడు రోజులకు పాలు తగ్గిపోయాయి. బుడ్డి తోక పట్టుకునే బలం లేక జారిపోతుంటే, గవ్వమ్మ బిడ్డను పొట్ట కింద చుట్టుకుని ఏడ్చింది. ఆఖరికి డిప్పమ్మ దగ్గరికి వెళ్లి, "నాకు ఏ వంశమూ వద్దవ్వా. బిడ్డ బతికితే చాలు" అంది.

డిప్పమ్మ ఆమె నెత్తి నిమిరి, రేపు పొద్దున నీళ్ల దగ్గరికి బిడ్డతో రమ్మంది.

తెల్లవారి అందరూ చెలమ దగ్గర చేరారు. డిప్పమ్మ మెల్లగా ముందుకొచ్చి, కట్టుబాటు మంచిదేననీ, అయితే వరసలో ఎవరు ముందో తేలాలంటే ఎవరి వంశం వాళ్లు పైకి చెప్పుకోవాలి గదా అనీ అంది. వన్నయ్య ఉలిక్కిపడ్డాడు. దిష్టి తగులుతుందని అడ్డుపడ్డాడు. అందరికీ తనే దిష్టి తీస్తానంది డిప్పమ్మ. కోరయ్యకైతే ఆ గొప్ప నలుగురిలో చెప్పుకోవాలని ఎన్నాళ్లుగానో నాలుక దురదగా ఉంది. గొంతు సవరించుకున్నాడు.

"మెరుపు కడుపున పుట్టి, మూడు కొండలు ఒక్క అంగలో దాటి, పొగమంచును పాగా చుట్టిన మహానుభావుడు మా ముత్తాత."

కుందేలు చెవులు నిక్కబొడుచుకుంది. "అదేంది కోరయ్యన్నా, ఆయన మా ముత్తాత గదా" అని, మెరుపు దగ్గర్నుంచి పాగా దాకా పొల్లుపోకుండా అప్పజెప్పింది. తన వంతు కోసం నోరు తెరిచిన ఏదుపంది మళ్లీ మూసుకుంది. నీదీ అదేనా అని ఎవరో అడిగితే సిగ్గుపడి తలూపింది. కాసేపట్లో అడవిలో సగం మంది ఒక్క ముత్తాతకు మనవలై కూర్చున్నారు.

కోరయ్య కోరలు బిగించి నక్క వైపు తిరిగాడు. వన్నయ్య తోక ముడుచుకుని, "మా నాయన నాకు ఒక్కటే నేర్పి పోయినాడన్నా" అని నసిగాడు. డిప్పమ్మకు ఆ సంగతి ముందే తెలుసు. వన్నయ్య తాత నోటా అదే ముక్క విన్న వయసు ఆమెది.

"కొట్టొద్దు కోరయ్యా" అంది. "మెరుపు అబద్ధం, పాగా అబద్ధం. మీ అందరికీ మూలపురుషుడు ఒక్కడే అన్న నిజం మాత్రం వీడి నోటి నుంచి తెలియకుండా జారింది."

అంతలో బుడ్డి ఆకలికి ఆగలేక తల్లి రొమ్ము వెతుక్కుంది. గవ్వమ్మ సిగ్గుతో ముడుచుకోబోయి, బిడ్డ ముఖం చూసి మానుకుంది. లేని పాల కోసం ఆ పసిది చప్పరిస్తుంటే కోరయ్య పెళ్లాం కళ్లార్పకుండా చూసింది.

"చేపలు పాలిస్తాయా అవ్వా?" అని అడిగింది.

"ఇయ్యవమ్మా."

తల్లి పక్కనున్న పందిపిల్ల పరుగెత్తి వెళ్లి గవ్వమ్మ పొలుసును ముట్టెతో తాకింది. "అమ్మా, ఇది నీ గిట్ట మాదిరే ఉంది" అంది. తల్లిపంది తన గిట్ట వంక చూసుకుంది, పొలుసు వంక చూసింది. మొగుణ్ని భుజంతో నెట్టి, "జరుగు. పాలతల్లికి నీళ్లు కావాల" అంది.

కోరయ్య జరిగాడు. గవ్వమ్మ తేటనీళ్లు కడుపునిండా తాగింది. తాగుతూంటే కన్నీళ్లు ఆగలేదు. మర్నాటి నుంచి పిల్లలు మళ్లీ చదువుకు వస్తారని కోరయ్యే చెప్పాడు.

అందరూ తాగాక చూస్తే వన్నయ్య దూరంగా ఎండలో నిలబడి ఉన్నాడు. పిలిచేవాళ్లు లేరు, పిలవకుండా వచ్చే ముఖమూ లేదు.

"అమ్మా, వన్నయ్య మామ కూడా మనకు చుట్టమేనా?" అని అడిగింది బుడ్డి.

ఆ మూడు రోజుల బురదనీళ్లు గవ్వమ్మ మరిచిపోలేదు. కాదనేయాలని ఆమెకు గట్టిగానే అనిపించింది. అయినా పొద చాటున నిలబడి విన్న పాఠం అబద్ధమని బిడ్డకు ఎట్లా చెబుతుంది?

"చుట్టమే బిడ్డా" అంది. తర్వాత తలెత్తి పిలిచింది. "రా అన్నా, నీళ్లున్నాయి."

అడవినంతా పొగిడి బతికిన వన్నయ్య తల వంచుకుని వచ్చి, ఆమె పక్కనే నీళ్లు తాగాడు.

ఈ కథ విన్నవాళ్లు తెలుసుకోవలసింది ఇంతే: గొప్ప పుట్టుక వెతుక్కునేవాడికి చుట్టాలు తగ్గిపోతారు, అసలు పుట్టుక తెలిసినవాడికి లోకమంతా చుట్టాలే.