వీపు మీది అంకె

ఎవరూ అడగకముందే సంజాయిషీ చెప్పుకోవడం జిగ్మెత్‌కి అలవాటైపోయింది. టీ కొట్టులో కూర్చున్నా అదే మాట, బస్సులో పక్కసీటు మనిషితోనూ అదే మాట. "ఒత్సల్ చివరి క్షణంలో వీపు తిప్పేశాడండీ. నేను వెళ్లింది భుజానికే. అంత వేగంలో ఎవడు ఆపుకోగలడు చెప్పండి?"

గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నాడని మనవైపు సామెత. జిగ్మెత్‌ది లడాఖ్. అక్కడివాళ్లకి మన సామెత తెలియదు గానీ, భుజాలు తడుముకునేవాణ్ణి ఎక్కడి జనమైనా ఇట్టే పోల్చుకుంటారు. పక్కసీటు మనిషి సరేనన్నట్టు తల ఊపి, కిటికీవైపు తిరిగిపోయేవాడు.

జరిగిందేమిటంటే, ఆ ప్రాంతంలో చలికాలం వచ్చిందంటే పొలాల్లోకి నీళ్లు వదిలి గడ్డకట్టిస్తారు. చుట్టూ చెక్కగోడ కడతారు. అడుగున ఇనుప బద్దలున్న బూట్లు వేసుకుని, కర్రలతో రబ్బరు బిళ్లని తరుముతూ ఆ మంచు మీద ఐస్ హాకీ ఆడతారు. గుద్దుకోవడం ఆటలో భాగమే. ఎదురుగా వచ్చేవాణ్ణి భుజంతో గుద్దితే ఎవరూ తప్పుపట్టరు. వెనకనుంచి గుద్దడం మాత్రం మహాపాపం. దెబ్బ వస్తోందని తెలియనివాడు ఎలా కాచుకుంటాడు?

జిగ్మెత్ గుద్దిన గుద్దుకి ఒత్సల్ తలతో వెళ్లి చెక్కగోడకి కొట్టుకున్నాడు. మెడ ఎముక చితికింది. ఇప్పుడు లేహ్‌లో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. కాళ్లలో చలనం లేదు. ఇక రాదని డాక్టర్లు తల్లికి చెప్పేశారు.

ఇద్దరూ ఒకే ఊరివాళ్లు, ఒకే గురువు దగ్గర ఆట నేర్చినవాళ్లు. జిగ్మెత్ ఆ ఏడే ఊరి జట్టు వదిలి, జీతమిచ్చే పట్నం జట్టులో చేరాడు. కొత్త బూట్లు, కొత్త కర్ర, పత్రికలో ఫొటో. కళ్లు నెత్తికెక్కడానికి కుర్రవాడికి ఇంకేం కావాలి? ఆ పట్నం జట్టు సరదాగా ఒక ఆట ఆడదామని ఊరికి వచ్చిన రోజునే ఈ ఘోరం జరిగింది. మూలలో జరగడంతో రిఫరీకి సరిగా కనబడలేదు. ఫోన్లు పట్టుకున్నవాళ్లంతా అవతలి గోలు వైపు తిరిగి ఉన్నారు.

పోటీలు నడిపే సంఘం కొన్నాళ్లకి విచారణ పెట్టింది. తప్పని తేలితే జిగ్మెత్ ఆట అక్కడితో సరి. తప్పు లేదంటే మాత్రం, బయటి దేశపు జట్టు ఒకటి అతన్ని తీసుకోవడానికి సిద్ధంగా ఉంది. ఆ లోయలో ఇంతవరకు ఎవరికీ దొరకని అదృష్టం అది. సంఘం పెద్దలు ఆలోచించి ఆలోచించి, "ఇద్దరినీ పెంచినవాడు నోర్ఫెల్. ఆయన ఎలా చెబితే అలా" అనేశారు.

నోర్ఫెల్‌ని ఊరంతా గెర్గన్ అంటుంది. అంటే పంతులన్నమాట; పిలిచేటప్పుడు గౌరవంగా 'లే' చేరుస్తారు. ఒకప్పుడు సైన్యంలో గోలు కాచిన మనిషి. విరిగి అతికిన ముక్కు ఒక పక్కకి వాలి ఉంటుంది. మాటలు తక్కువ. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ మొదటిరోజు ఒకటే చెబుతాడు: "అంకె కనబడితే ఆగు."

ఊరి జట్టు జెర్సీల మీద ముందువైపు ఏమీ ఉండదు. అంకె వీపు మీదే ఉంటుంది. అంకె నీకు కనబడిందంటే ఆ మనిషి నిన్ను చూడటం లేదని అర్థం. ఎర్రటి పాత కంబళి గుడ్డని కత్తిరించి ఆ అంకెలు ఆయనే కుడతాడు. చూపు మందగించినా ఆ పని మరొకరి చేతిలో పెట్టడు.

విచారణకి ముందురోజు మధ్యాహ్నం జిగ్మెత్ ఆయన ఇంటికి వెళ్లాడు. దారి పొడవునా మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాడు.

"జూలే, గెర్గన్-లే" అని దండం పెట్టాడు.

"తలుపు వెయ్యి. చలి" అన్నాడు నోర్ఫెల్. పొయ్యి పక్కన కూర్చుని కుట్టుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

జిగ్మెత్ ఆయన ఎదురుగా చతికిలబడ్డాడు. "గెర్గన్-లే, ఇక మీరే నాకు దిక్కు. రేపు ఒక్క మాట చెప్పండి చాలు. కావాలని చేయలేదని చెప్పండి."

"చేశావా?"

"అయ్యో, లేదు! వాడు చివరి క్షణంలో వీపు తిప్పేశాడు. నేను భుజానికే వెళ్లాను. వాడి వీపు నాకు కనబడితే కదా!"

చెప్పగా చెప్పగా ఆ మాట ఏటిలో రాయిలా నున్నబడిపోయింది. ఎక్కడా గుచ్చుకోవడం లేదు. ఈమధ్య జిగ్మెత్‌కే అది నిజమనిపిస్తోంది.

నోర్ఫెల్ ఇంకో కుట్టు వేశాడు. ఆయన ఒడిలో ఉన్నది ఒత్సల్ ఆరోజు వేసుకున్న జెర్సీ. ఆసుపత్రిలో మనిషిని కదపకూడదని వీపు గుడ్డంతా కత్తెరతో కోసి తీసేశారు. ముందుభాగం, చేతులు మిగిలాయి. నోర్ఫెల్ వాటికి కొత్త వీపు గుడ్డ వేసి కుడుతున్నాడు. జట్టు జెర్సీని పారేయడం ఆ ఊళ్లో లేదు. తొడుక్కునే మనిషి ఆడినా మానినా, చివరికి పోయినా, చిరుగు కుట్టి, మడిచి, పెట్టెలో దాస్తారు.

"వాణ్ణి చూశావా?" అని అడిగాడు నోర్ఫెల్.

"లేదు. వాళ్లమ్మకి ఏ ముఖం పెట్టుకుని కనబడను?"

"నేను వెళ్లొచ్చాను. అమ్మ చెంచాతో తినిపిస్తోంది. నీ గురించి అడిగాడు."

జిగ్మెత్ ముందుకి వంగాడు. "ఏమని?"

"జిగ్మెత్ ప్రయాణం ఎప్పుడని."

పుండు మీద కారం చల్లినట్టయింది. తిట్టాడన్నా, శపించాడన్నా జిగ్మెత్ ఓర్చుకునేవాడు. ఏడుపు వస్తుందేమోనని భయపడి, దాన్ని కోపంగా మార్చేశాడు.

"నన్నూ ఆ మంచం పక్కనే పడి ఉండమంటారా? నేను ఆట మానేస్తే వాడు లేచి నడుస్తాడా? ఆట తప్ప నాకింకేం వచ్చు, గెర్గన్-లే? గొర్రెలు కాయడం కూడా రాదు. ఇది పోతే నేను పోయినట్టే!"

"అవును" అన్నాడు నోర్ఫెల్, ఉన్నమాట ఒప్పుకున్నట్టుగా. దారం పళ్లతో కొరికి, జెర్సీని నేలమీద బోర్లా పరిచాడు. కొత్త వీపు గుడ్డ తెల్లగా, ఖాళీగా ఉంది. ఎర్ర కంబళి ముక్క, సుద్దముక్క తీసి జిగ్మెత్ ముందు పెట్టాడు.

"కళ్లు ఆనడం లేదు. అంకె నువ్వు గీసిపెట్టు, నేను కత్తిరిస్తాను."

అమ్మయ్య అనుకున్నాడు జిగ్మెత్. గురువు కరిగాడని, పాత రోజుల్లోలా పని చెబుతున్నాడంటే రేపు మంచిమాటే చెబుతాడని ప్రాణం లేచివచ్చింది. కంబళి ముక్కని మోకాలి మీద సాగదీసి పట్టుకున్నాడు. జానెడు ఎత్తున, దూరానికి కూడా కనబడేలా, ఆయన నేర్పినట్టే గీశాడు. ఒకటి గీశాడు. పక్కనే ఏడు గీశాడు.

ముసలాయన ఆ ముక్కని అందుకుని, వెలుతురు కోసం కిటికీవైపు తిప్పి చూశాడు.

"ఒత్సల్‌ది తొమ్మిది కదా" అన్నాడు.

పొయ్యిలో పిడక విరిగిన చప్పుడు వినబడింది.

"పాలపళ్లు ఊడని వయసునుంచీ తొమ్మిదే. ఆరోజు ఎవరి కర్రో తగులుకుని వాడి తొమ్మిది చంకదాకా చిరిగింది. సంచిలో నీ పాత పదిహేడు ఉంటే తీశాను. వాడు వద్దన్నాడు. జిగ్మెత్ చూస్తే బాధపడతాడు అన్నాడు. ఆటలో బాధేమిట్రా అని నేనే తొడిగించి పంపాను." ఆయన చేతులు ఒడిలో ఊరికే ఉండిపోయాయి. "మంచు మీదకి దిగినవాడు నేరుగా ఆ మూలకే వెళ్లాడు. ఆ తర్వాత నాకు కనబడింది జనం గుమిగూడటమే."

జిగ్మెత్ చేతిలో సుద్దముక్క ఇంకా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

నున్నబడిన మాట ఒక్కసారిగా పగిలింది. లోపల ఆ మూల అలాగే ఉంది. గోడవైపు వంగి, కర్రతో బిళ్లని లాక్కోవడానికి తంటాలు పడుతున్న వీపు. దాని మీద ఎర్రగా పదిహేడు. తన అంకె. నేను పోయి ఒక చలికాలమైనా కాలేదు, నా అంకె ఇంకొకడికి ఇచ్చేశారా అని కడుపులో భగ్గుమంది. ఆగడానికి చోటుంది. బూటు అడ్డంగా తిప్పితే చాలు, ఆగిపోయేవాడు. చిన్నప్పుడు అన్నిటికంటే ముందు నేర్చుకున్నది అదే. తిప్పలేదు. ఇంకా తోసుకుంటూ వేగం పెంచాడు.

ఒత్సల్ అని కూడా తెలియదు. పడ్డాక, హెల్మెట్ తీసినప్పుడు తెలిసింది. భయంతో నోరు తెరిచి, అక్కడికక్కడే, మొదటిసారి ఆ మాట అనేశాడు: వాడే వీపు తిప్పాడు.

నోర్ఫెల్ కత్తెర తీసుకున్నాడు. సుద్దగీత చెరపలేదు. గీత వెంబడే, తొందర లేకుండా, పదిహేడునే కత్తిరించాడు. ఆ రెండు ముక్కల్నీ తెల్లటి వీపు గుడ్డ మీద పెట్టి సరిచేశాడు. సూదిని జిగ్మెత్ చేతికి ఇచ్చాడు.

జిగ్మెత్‌కి దారం ఎక్కించడానికి చాలాసేపు పట్టింది. ముక్కు కారుతుంటే భుజానికి తుడుచుకుంటూ, ఒకటి చుట్టూ కుట్టు వేశాడు. ఏడు సగంలో ఉండగా ఆగాడు.

"గెర్గన్-లే" అన్నాడు. సూదిని గుడ్డలో గుచ్చిపెట్టాడు. మళ్లీ అన్నాడు. "గెర్గన్-లే, రేపు మీరేం చెబుతారు?"

ముసలాయన పొయ్యిలోకి ఇంకో పిడక తోశాడు.

"నేను చూడలేదు నాయనా. చూసినవాడు చెబుతాడు."