గద్దత్త మూట

జాలవాగు మడుగు దగ్గర ఉండే జంతువులకు రెండే కాలాలు. ఒకటి కథ నడిచే కాలం, రెండోది కథ అయిపోయిన కాలం.

చలి తగ్గగానే తాబేలు తాత చిప్పయ్య మడుగు మధ్యనున్న బండెక్కి కథ మొదలుపెట్టేవాడు. రోజూ పొద్దువాలే వేళ ఒక ముక్క. వినడానికి వచ్చినవాళ్ళు ఊరికే రారు కదా! దుప్పులు బుడమకాయలు తెచ్చేవి, అడవి పందులు దుంపలు తెచ్చేవి, ఎలుగుబంటి తేనెపట్టు తెచ్చేవాడు. తాత రెండు ముక్కలు కొరికి చాలనేవాడు. మిగిలిందంతా బండ పక్కనే వినయంగా కూర్చున్న నక్క పొట్టలోకి పోయేది.

వేసవి ముదిరి, నీళ్ళు బండ అడుగుదాకా దిగిన రోజున సరిగ్గా కథ ముగిసేది. "కథ ఒడ్డెక్కింది, ఇక మనం దారెక్కుదాం" అనేవాడు తాత. మర్నాడు పొద్దున్నే అందరూ ఒక్క గుంపుగా, పులి ఉండే పొదలు దాటి, పెద్దేటి ఒడ్డుకు చేరుకునేవాళ్ళు. ముందు ఎలుగుబంటి, వెనక అడవి పందులు, మధ్యలో పిల్లతల్లులు. విడిగా వెళ్తే పులికి ఫలహారమే. గుంపుగా వెళ్తే మాత్రం పులి కూడా పక్కకు తిరిగి పడుకునేది.

తాత ఒక కన్ను నీళ్ళమీద వేసి కథ చెప్తాడన్న సంగతి ఎవరూ గమనించలేదు. కథ బాగుంటే కథకుడి కళ్ళెవరు చూస్తారు?

ఆ ఏడు నడిచింది కొంగ కోడలు మంచుమల్లి కథ. అత్త గద్ద. గద్దత్త పెట్టిన ఆరళ్ళకు మూడు నెలలు అడవి అడవంతా ముక్కు చీదింది. చివరికి గద్దత్త కోడలి ఒడిలోనే కన్నుమూసింది. అత్త చచ్చిన ఆరు నెలలకు కోడలి కంట నీరు వచ్చిందంటారు గానీ, మంచుమల్లి అప్పటికప్పుడే ఏడ్చింది. ఏడ్చి, మొగుడితో కలిసి ఉత్తరానికి ఎగిరిపోయింది.

"కథ ఒడ్డెక్కింది" అని తాత బండ దిగాడు. "నా నడక మీకు తెలిసిందేగా. నేను ముందు కదులుతా. రేపు దార్లో నన్ను దాటిపోదురు గాని."

తాత పదిహేను అడుగులు వేశాడో లేదో, నక్క ఒక్క గెంతులో బండెక్కింది. పెద్దేటి దగ్గర ఎవరి తిండి వాళ్ళదే. అక్కడ తేనె ఎవరు తెస్తారు?

"ఆగండి! గద్దత్త చావలేదు!"

"ఏంటీ?" అని ఎలుగుబంటి లేవబోయినవాడు లేవకుండానే అరిచాడు.

"చచ్చింది ఆవిడ కవల చెల్లెలు!"

లేవబోయిన నలభై నడుములు మళ్ళీ నేలకంటుకున్నాయి. అక్కడ దార్లో తాత మెడ తిప్పి, "ఒరే, చెల్లెలెక్కణ్ణుంచి వచ్చిందిరా?" అన్నాడు. ఎవరూ వినలేదు. రేపటికి వీళ్ళ పిచ్చి దిగుతుందిలే అనుకుని తన దారిన తాను పోయాడు.

దిగలేదు. ఇక చూడండి, నక్క కథ! ఈతగెల నెత్తిన పడి మంచుమల్లికి గతం మరపుకొచ్చింది. మొగుడు ఎర్రమట్టి గుంటలో పడి లేచాడు, అంతే, కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. నిన్న గుడ్డులో ఉన్న పిల్లకు ఇవాళ పెళ్ళిచూపులు. నక్క ఒక వడ్రంగిపిట్టను కూడా పెట్టుకుంది. గద్దత్త కన్నెర్రజేస్తే టక్ టక్ టక్. కోడలు ఉలిక్కిపడితే టక్ టక్ టక్. ఎవరూ ఏమీ చెయ్యకపోతే ఇంకా గట్టిగా టక్ టక్ టక్!

ఎనిమిదో రోజుకు మడుగులో నీళ్ళకంటే బురదే ఎక్కువైంది. చుక్కల దుప్పి చుక్కమ్మ తన కూన మూతి నాకి చూసింది. పొడిగా ఉంది. పుట్టి ఇరవై రోజులు కాలేదు. తల్లికి నీళ్ళు లేక పాలు తగ్గాయి. పిల్ల లేచి నిలబడటానికి రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి మానేసింది.

చుక్కమ్మ కథ మధ్యలోనే లేచింది. "అన్నల్లారా, వదినల్లారా, మడుగు వంక ఒక్కసారి చూడండి! ఇంకో వారం ఇక్కడే ఉంటే..."

"ష్!" అన్నాడు ఎలుగుబంటి. "కోడలు తల తిప్పుతోంది, చుక్కమ్మా."

"నిన్నట్నుంచీ తిప్పుతూనే ఉంది కదన్నా!"

"ఇంకా సగమే తిరిగింది!"

"నీకంత తొందరైతే నువ్వెళ్ళొచ్చుగా, తల్లీ" అంది నెమలి.

"పొదల్లో పులి ఉంది వదినా. ఇంత పసికూనతో ఒక్కదాన్నే ఎలా వెళ్ళను?"

నక్క బండమీద గొంతు సవరించుకుంది. "ఇష్టం లేనివాళ్ళు చెవులు మూసుకోండి. ప్రజలు కోరుతున్నారు, నేను చెప్తున్నాను."

"ప్రజలు కోరేది కథ, నక్క బావా. నువ్వు కోరేది తేనె."

ఎంత చక్కటి జవాబు! వాదనలో చుక్కమ్మ గెలిచింది. అయినా ఒక్కరూ కదల్లేదు. వాదన గెలవడం వేరు, జనాన్ని లేపడం వేరు. ఆ పాఠం చుక్కమ్మకు ఆ పూటే తలకెక్కింది.

అదే రోజు నక్క కథలోకి ఓ మూట వచ్చింది. గద్దత్త రెక్క కిందనుంచి తీసింది. "ఆ మూటలో ఏముందో తెలిస్తే కోడలి గుండె ఆగిపోతుంది! అది రేపు!" రేపు వచ్చింది, ముడి సగం వదులైంది. మర్నాడు గాలికి ముడి మళ్ళీ బిగిసింది. ఆ మర్నాడు మూట కొంచెం కదిలింది. అడవంతా అదే గోల. దాహం మాట లేదు, ఆకలి మాట లేదు, మూటలో ఏముంది?

పన్నెండో రోజు పొద్దున చుక్కమ్మ వడ్రంగిపిట్ట దగ్గరికి వెళ్ళింది. "పిట్టన్నా, ఇవాళ నా కథకు కొడతావా?"

"నా ముక్కు మొద్దుబారిపోయింది చెల్లీ" అందది విసుగ్గా. "ఈ కథ ఎటైనా కదిలితే చాలు, ఎవరికైనా కొడతా."

నక్క అప్పుడే నిద్రలేచి, తేనెపట్టులో మూతిపెట్టి ఉంది. చుక్కమ్మ బండెక్కింది. "మూటలో ఏముందో నాకు తెలుసు."

టక్ టక్ టక్!

ఎలుగుబంటి చేతిలో ఉన్న దుంప జారిపోయింది. "చెప్పు! చెప్పు చుక్కమ్మా!"

"ఇక్కడ చెప్పేది కాదన్నా. ఆ నల్లమద్ది చెట్టు కిందకు రండి."

అందరూ పరుగెత్తారు. చుక్కమ్మ కూనను మూతితో లేపి, నెట్టుకుంటూ నడిచింది. చెట్టుకింద చేరి చెప్పింది. "గద్దత్త ముడి మీద గోరు పెట్టింది. తలుపు చప్పుడైంది. ఎవరా అని చూస్తే..."

టక్ టక్ టక్!

"మిగతాది జంటబండల దగ్గర!"

"ఇదేం పద్ధతి? కూర్చోబెట్టి చెప్పాలి గాని నడిపించి చెప్తారా?" అని నక్క మూతి నాక్కుంటూ వెనకే వచ్చింది.

"నోరుముయ్, బావా. తలుపు దగ్గర ఎవరో ఉన్నారు!" అన్నాడు ఎలుగుబంటి. నక్క నోరు మూసింది. మూసి, అదీ నడిచింది. ఎందుకంటే, నిజం చెప్పాలంటే, మూటలో ఏముందో దానికే తెలీదు! ముల్లును ముల్లుతోనే తీయాలంటారు. ఇక్కడ ముల్లు గుచ్చినవాడికే ముందు గుచ్చుకుంది.

జంటబండల దగ్గర తాబేలు తాత ఎదురొచ్చాడు. మీరెంతకీ రాకపోయేసరికి భయమేసి వెనక్కి తిరిగానర్రా, తిరిగి నాలుగు రోజులైంది అన్నాడు.

"తాతా! గద్దత్త మూటలో ఏముంది?" నలభై గొంతులు.

"మూటా? నా కథలో మూట..."

"తాతా!" చుక్కమ్మ అడ్డొచ్చింది. తలతో కూనను చూపించింది.

తాత కూన మూతి చూశాడు. ముడతల మెడ లోపలికీ బయటికీ రెండుసార్లు కదిలింది. "అమ్మో! ఆ మూటా! దాని ఊసు నీళ్ళ ఒడ్డున తప్ప ఎత్తకూడదర్రా! పదండి, పదండి!" ఎలుగుబంటి తాతను ఎత్తి భుజాన వేసుకుని పరుగు లంకించుకున్నాడు.

పులి పొదలు వచ్చాయి. గుంపంతా ఒకరి తోక ఒకరికి తగిలేలా నడుస్తూ, "తలుపు తీసింది మొగుడేనంటావా?" "కాదు, రెండో చెల్లెలు!" అని కీచులాడుకుంటూ దాటేసింది. పులి ఒక కన్ను తెరిచి చూసింది. ఇంతమంది ఇంత ధైర్యంగా పోట్లాడుకుంటూ పోవడం దాని జన్మలో చూడలేదు. మళ్ళీ కన్ను మూసేసింది.

పెద్దేరు కనిపించింది. ఇక ఎవరికి మూట, ఎవరికి తలుపు! నలభై మూతులు ఒక్కసారి నీళ్ళలో మునిగాయి. కూన ముందుకాళ్ళు వంచి తాగింది. దగ్గింది. మళ్ళీ తాగింది. చుక్కమ్మ అది తాగేదాకా చూసి, అప్పుడు తాను తల దించింది.

నీళ్ళు ముట్టనిది నక్క ఒక్కటే. ఒడ్డున అటూ ఇటూ తిరుగుతోంది. "అంతా బాగానే ఉంది గానీ, చుక్కమ్మా, మూట సంగతి?"

"నువ్వు కట్టిన మూటే కదా బావా."

"కట్టాను! కట్టాను గానీ లోపలేమీ పెట్టలేదు!"

ఎలుగుబంటి నీళ్ళు కారే మొహం మెల్లగా పైకెత్తాడు. "ఏమీ... పెట్టలేదా? నా కూనల నోటి దగ్గర తేనె లాక్కొచ్చి నీకు పోశాను కదరా!"

తర్వాత వినిపించింది ఒక్కటే చప్పుడు. దబ్బుమని. నక్క ఏట్లో మూడు మునకలేసి, కడుపునిండా నీళ్ళు తాగి, తోక ఈడ్చుకుంటూ ఒడ్డెక్కింది. అంత తడిలోనూ దాని నోరు ఊరుకోలేదు.

"మరి నీకు తెలుసన్నావుగా, చుక్కమ్మా?"

"తెలుసు బావా. ఏమీ లేదని నీకంటే ముందే తెలుసు."

సమయానికి లేచి వెళ్ళిపోయిన కథే మనసులో పదికాలాలు కూర్చుంటుంది.