మూతకు అంటిన కర్పూరం

గుగ్గిలాల కోన అనే అడవిలో జింకలు, కొండముచ్చులు, కుందేళ్ళు, అడవిపందులు ఉండేవి. ఎవరికి జబ్బు చేసినా గుహలో ఉండే ఎలుగుబంటి వైద్యుడి దగ్గరికే పరుగెత్తేవి. ఆయనకు ఇద్దరు శిష్యులు. ఒకడు పరిమళం అనే పునుగుపిల్లి. ఏ మూలికనైనా వాసన చూసి ఇట్టే చెప్పేసేవాడు. అందుకే అతడి కాలు నేల మీద నిలిచేది కాదు. రెండోది చెంగల్వ అనే ఏదుపంది. దానికి వాసనలు అంతగా తెలియవు. కానీ ఏది చూసినా ఎందుకు, ఎలా అని అడగకుండా ఉండలేకపోయేది.

"గురువుగారూ! ఎండలకు కుండలో కర్పూరం తగ్గిపోయింది. కరిగిన జాడ లేదు. పైగా మూత లోపల తెల్లటి రవ్వలు అంటుకున్నాయి. అక్కడికి ఎలా ఎక్కాయి?" అని ఒకరోజు అడిగింది.

"నువ్వే ఆలోచించు తల్లీ," అని నవ్వాడు ఎలుగుబంటి.

ఒకనాడు ఆయన మూలికల కోసం కొండ ఎక్కాడు. ఇంతలో ఈదురుగాలి లేచింది. గుహలో కుండల దొంతి కూలింది. కర్పూరం పొడి, కాల్చిన సున్నం పొడి ఒకే కుప్పగా కలిసిపోయాయి. సరిగ్గా అప్పుడే ఒక తల్లిజింక బిడ్డను వెంటబెట్టుకుని వచ్చింది. జలుబుతో రొమ్ము పట్టేసి, పిల్ల ఎగఊపిరి దిగఊపిరిగా ఉంది.

"కాస్త కర్పూరం రాయండి నాయనా, మీకు పుణ్యముంటుంది!" అని తల్లి ఏడ్చింది.

పరిమళం కుప్పను వాసన చూశాడు. "ఇదంతా కర్పూరమే. నా ముక్కు అబద్ధం చెప్పదు."

"అన్నా, అందులో సున్నం కలిసింది. కర్పూరం ఘాటులో అది తెలియడం లేదు," అంది చెంగల్వ.

"నాకే పాఠాలు చెబుతావా?" అంటూ చిటికెడు పొడి తీసి తన తడి ముక్కుకే పూసుకున్నాడు. తడి తగిలిన సున్నం భగ్గున మండడంతో, మరుక్షణం కెవ్వుమని వాగు వైపు పరుగు తీశాడు.

చెంగల్వ జింకపిల్ల వైపు చూసింది. అదే పసిపిల్ల ఒంటికి రాసి ఉంటే! అప్పుడే దానికి మూత లోపలి రవ్వలు గుర్తొచ్చాయి. వేడికి కర్పూరం కరగకుండా ఆవిరై పైకి పోయిందన్నమాట. మరి సున్నం పోతుందా? చూడాలి.

పొడిని కుండలో పోసి, కొద్దిపాటి నిప్పుల మీద పెట్టింది. పైన మరో కుండ బోర్లించి, అది చల్లగా ఉండేలా దాని మీద తడి నాచు కప్పింది. కాసేపటికి పై కుండ లోపల తెల్లటి రవ్వలు మెరిశాయి. ఆత్రంగా పై కుండను కాస్త ఎత్తి, వాటిని తన ముల్లుతో గీకింది. వాటిలో చిటికెడు తీసి వేడి రాయి మీద వేసింది. రవ్వలు మాయమయ్యాయి గానీ, రాయి మీద తెల్లటి మచ్చ మిగిలింది.

"సున్నం ఇంకా ఉంది. గీకేటప్పుడు ముల్లు అడుగు కుండలోని సున్నానికి తగిలినట్టుంది," అంది చెంగల్వ దిగులుగా.

"ఇది చాలమ్మా, ఆలస్యమైతే నా బిడ్డ దక్కదు," అని తల్లిజింక బతిమాలింది.

అయినా చెంగల్వ ఒప్పుకోలేదు. ఆ రవ్వలనే మరో శుభ్రమైన కుండలో వేసి, మళ్ళీ వేడి చేసింది. ఈసారి పై కుండను పక్కకు తీసి మెల్లగా గీకింది. రాయి మీద వేస్తే మచ్చ మిగల్లేదు. దొప్పలోని నీళ్ళలో వేస్తే చిన్న రవ్వ మునగకుండా, అచ్చమైన కర్పూరంలా గిరగిరా తిరిగింది.

"కర్పూరమే!" అని చెంగల్వ గంతేసింది. ఇప్పనూనెలో కలిపి పిల్ల రొమ్ముకు రాసింది. కొంతసేపటికి పిల్ల ఊపిరి తేలికపడింది. కళ్ళు తెరిచి తల్లి మెడ నాకింది.

సాయంత్రం ఎలుగుబంటి వచ్చాడు. వాచిన ముక్కుతో మూల కూర్చున్న పరిమళాన్ని చూశాడు. మిగిలిన రవ్వలను చూపి, "ఇదేమిటి?" అని అడిగాడు.

"ఏ వాసనా తెలియడం లేదు గురువుగారూ," అన్నాడు పరిమళం తల వంచుకుని.

చెంగల్వ మాత్రం ఒక రవ్వ తీసి రాయి మీద, ఇంకో రవ్వ నీళ్ళలో వేసి చూసింది. ఆ తర్వాతే, "కర్పూరం," అంది. ఎలుగుబంటి తన మందుల సంచి తీసి దాని చేతికిచ్చాడు.

నీతి: కలిసినదాన్ని ముందు వేరు చేయాలి, వేరు చేసినదాన్ని పరీక్షించాలి, ఆ తర్వాతే దానికి పేరు పెట్టాలి.