బల్ల మీద చోటు

“బలం లేక వెనకబడితే ఊరుకుందును అవ్వా. బలముంది కదా! మరి అదంతా యాడ పోతాంది?”

నాగవేణి అడుగుతా ఉంది. ఖాసింబీ అవ్వ ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడ లేస్తాయా అని చూస్తా ఉంది.

ఆదోనిలో రైలు గేటు పక్కన అవ్వది సైకిల్ షాపు. మొగుడు పోయినాక నలభై ఏండ్లుగా తనే నడుపుతా ఉంది. పంక్చరైనోళ్ళే కాదు, మనసు బాగలేనోళ్ళు కూడా వచ్చి షాపు ముందర బల్ల మీద కూర్చుంటారు. అవ్వ పెద్దగా మాట్లాడదు. అయినా వస్తారు. నాగవేణికైతే ఆమె గురువే. చైను తుడిచేది, గాలి చూసేది, బ్రేకు పట్టేది అన్నీ ఆమె దగ్గరే నేర్చుకుంది.

నాగవేణికి ఇరవై ఏడేండ్లు. పత్తి మిల్లులో పని. పోను తొమ్మిది కిలోమీటర్లు, రాను తొమ్మిది, రోజూ సైకిలే. ఒకరోజు మిల్లుకు టైమైపోతాందని, ఎదురుగాలిలో ఊరి సైకిల్ క్లబ్బోళ్ళను దాటేసి పోయింది. వాళ్ళే వెతుక్కుంటా వచ్చి, ఒక రేసు సైకిలు చేతికిచ్చి, చుట్ల రేసులో దింపినారు.

చుట్ల రేసంటే నాలుగు వీధులు మూసేసి, ఆ వీధుల్లోనే ఇరవై ఐదు చుట్లు తిరిగేది. చుట్టుకు నాలుగు మూలలు. ముందరోళ్ళు తిరిగొచ్చి వెనకోళ్ళను దాటేస్తే, ఆ వెనకోళ్ళకు విజిల్ ఊది పక్కకు తీసేస్తారు. నాగవేణికి ఇప్పటికి రెండు రేసుల్లో విజిల్ ఊదినారు. ఈ ఆదివారం మూడోది. ఈసారీ ఊదితే సైకిలు ఇంకో పిల్లకు పోతుంది. క్లబ్బోళ్ళు ఆ మాట మర్యాదగానే చెప్పినారు.

“మూల కాడ ఏం చేస్తావు?” అవ్వ ట్యూబు మీద నుంచి చూపు తీయకుండా అడిగింది.

“ఏముందవ్వా. పక్కన ఎవరన్నా వస్తే రవ్వంత జరుగుతా. తగిలితే ఇద్దరం పడతాం కదా.”

“ఊఁ.”

అవ్వ చేతులు తుడుచుకోని వచ్చి బల్ల మీద, నాగవేణికి ఆనుకోని కూర్చుంది. నాగవేణి రవ్వంత జరిగింది. అవ్వ కూడా జరిగింది. పెద్దామెకు సరిపోలేదేమోనని నాగవేణి ఇంకా జరిగింది. అవ్వ ఇంకా జరిగింది. బల్లకు నాగవేణి దిక్కు జానెడు చోటు లేదు, అవ్వ దిక్కు ఇద్దరు కూర్చునేంత ఉంది. నాగవేణి ఇంకొంచెం జరిగి, దబ్బున కిందపడింది. చెయ్యి తగిలి తొట్టిలో నీళ్ళు సగం ఒలికినాయి.

ఎదురుగా టీ కొట్టు మద్దిలేటి పగలబడి నవ్వినాడు. “ఏమ్మే, బల్ల మీద నుంచే పడేదానివి, ఇంగ సైకిలు మీద ఏం నిలుస్తావు!”

“ఎవరు తోసినారు?” అంది అవ్వ.

“ఎవరూ తోయలేదవ్వా. నేనే నీకు చోటిచ్చినా.”

“ఇచ్చినావా?”

అంతే. అవ్వ లేచి మళ్ళీ ట్యూబు పట్టుకుంది. నాగవేణి తడిసిన బట్టలతోనే ఇంటికి పోయింది. కోపమొచ్చింది. మూడు రోజులు షాపు దిక్కు రాలేదు.

ఆదివారం పొద్దున రేసు. పద్నాలుగు మంది ఆడోళ్ళు. మొదటి మూలలోనే నంద్యాల నుంచి వచ్చిన పచ్చ హెల్మెట్టామె పక్కకొచ్చి, “జరుగు! జరుగు!” అని అరిచింది. నాగవేణి జరిగింది. ఆ సందులో ఆమె దూరింది, ఆమె వెనక ఇంకొకామె దూరింది. తరువాతి మూల కాడ మళ్ళీ ఒకరు. మూల తిరిగినాక వాళ్ళను అందుకోవాలంటే ఊపిరి పీక్కుపోయేట్టు తొక్కాల. అందుకునేసరికి ఇంకో మూల. పదో చుట్టుకు వెనక ఎవరూ లేరు. విజిలాయన గోడ నీడలో నుంచి లేచి, ఒకటే ఆమె దిక్కే చూస్తా ఉన్నాడు.

బట్టల షాపు మూల వచ్చింది. ముందరామె కొంచెం అలిసినట్టుంది, వెనక్కొచ్చి నాగవేణి పక్కకు చేరింది. పచ్చ హెల్మెట్టే. మోచెయ్యి దగ్గరికొచ్చింది.

“జరుగు!”

నాగవేణికి ఎందుకో నడుం కింద నేల తగిలినట్టయింది. తొట్టి నీళ్ళ చల్లదనం గుర్తొచ్చింది.

జరగలేదు. తోయనూ లేదు. తన దారిలో తను తిరిగింది.

మోచెయ్యికి మోచెయ్యి తగిలింది. చెమట మీద చెమట జారింది. ఇద్దరూ మూల తిరిగినారు. ఎవరూ పడలేదు. పచ్చ హెల్మెట్టామె తిట్టను కూడా తిట్టలేదు, తలొంచుకోని తొక్కుకుంటా పోయింది.

తరువాత మూలలన్నీ మామూలు మూలలే.

సోమవారం సాయంత్రం నాగవేణి రేసు సైకిలు మీదనే షాపుకొచ్చింది. బల్ల మీద కూర్చుంది.

“ఎన్నోది వచ్చినావు మ్మే?” మద్దిలేటి అక్కడి నుంచే అరిచినాడు.

“తొమ్మిది. విజిల్ ఊదలేదు.”

“తొమ్మిదికే ఇంత తల ఎత్తుకోనొచ్చినావే! మొదటిదొస్తే మాతో మాట్లాడవేమో!” అని రెండు టీలు తెచ్చిచ్చినాడు. మూడో గ్లాసు తనే తాగుకుంటా నిలబడినాడు.

అవ్వ టీ గ్లాసుతో వచ్చి నాగవేణికి ఆనుకోని కూర్చుంది. నాగవేణి కదల్లేదు. అవ్వ భుజం ఎముక గుచ్చుకుంటా ఉంది. ఇద్దరూ అట్లనే కూర్చోని టీ తాగినారు.

గేటు పడింది. అవతలికి పోయేటోళ్ళంతా నిలబడిపోయినారు. వాళ్ళలో ఒకామె, నెత్తిన పచ్చిమిరపకాయల మూట, చంకలో బిడ్డ. చోటు కావాలని ఎవరినీ అడగలేదు. గేటు దిక్కే చూస్తా నిలబడింది.

నాగవేణి టీ గ్లాసు కింద పెట్టి లేచింది. మూట పట్టి దించింది. చున్నీతో బల్ల తుడిచింది.

“రామ్మా, కూర్చో. గూడ్సు బండి, ఇప్పుడప్పుడే పోదు. అవ్వా, నువ్వూ రవ్వంత జరుగు.”

అవ్వ జరిగింది. బిడ్డతో ఆమె మధ్యలో కూర్చుంది. మిగిలిన చోట్లో నాగవేణి కూర్చుంది.

అవ్వ టీ ఊదుకుంటా, ఎవరి దిక్కూ చూడకుండా అంది:

“ఆఁ. చోటిచ్చేదంటే ఇది.”