రాజావారి మోటారు సైకిలు సర్వీసింగు

వెదుళ్ళపురం సంస్థానాన్ని ఏలే పీతాంబర భూపతి గారికి ఒకనాడు నిండు కొలువులో బిల్లు చూసి కళ్ళు తిరిగాయి.

ఆయనకి సీమ నుంచి ఓడలో తెప్పించుకున్న మోటారు సైకిలు ఉంది. దాని ఆలనాపాలనా చూడటానికి మద్రాసు నుంచి ఫణీంద్రరావు అనే ఆయన్ని పిలిపించి, 'యంత్ర విశారద' అని బిరుదిచ్చి, కోటలో షెడ్డు కట్టించారు. రావుగారు నెలకోసారి బండిని షెడ్డులోకి తోసుకుపోయి లోపల గడియ పెట్టుకునేవాడు. పరాయి కళ్ళు పడితే యంత్రానికి దిష్టి తగులుతుందట! సాయంత్రానికి బండి తళతళలాడుతూ బయటికొచ్చేది. దాని వెనకాలే బిల్లు.

ఆ బిల్లుల పుణ్యమా అని కోట నౌకర్లకు జీతాలు ఆగిపోయాయి. రాజావారికి తాంబూలం అందించే గవరయ్య అయితే ఇంట్లోకి బియ్యం కూడా అరువుకే తెస్తున్నాడు.

"ఈ డబ్బుతో ఏనుగుని మేపొచ్చు కదయ్యా!" అన్నారు రాజావారు. "ఈసారి సర్వీసింగు నేనే చేసుకుంటాను. ఏముంది అందులో? విప్పడం, తుడవడం, బిగించడం!"

"ప్రభువులు పులిని వేటాడగలరు. ఇది యంత్రం, మహాప్రభూ!" అని రావుగారు మీసాల చాటున నవ్వాడు.

ఆ నవ్వుకి రాజావారి ఒళ్ళు మండింది. మర్నాడు పొద్దున్నే పట్టుపంచె ఎగ్గట్టి, పానా పట్టుకుని బండి ముందు కూర్చున్నారు. విప్పడం దివ్యంగా సాగింది. అంతా బిగించాక చారెడు నట్లు మిగిలాయి.

"ఇవెక్కడివిరా గవరయ్యా?"

"సీమ దొరలు కొసరు వేసి ఉంటారు, ప్రభూ!"

రాజావారు సంతోషించి బండెక్కారు. బండి కోట గుమ్మం దాటింది. బ్రేకు గుమ్మం దగ్గరే ఊడి పడింది. వీధి చివర కుండలు తెస్తున్న కుమ్మరి ఎడ్లబండిని గుద్దుకుని, రాజావారు కుండపెంకుల మధ్య తేలారు. కుండల ఖరీదు కట్టారు. వైద్యుడికి కట్టారు. బండి బాగుచేసినందుకు రావుగారికి మామూలు బిల్లుకి రెట్టింపు కట్టారు.

నుదుటి మీద కట్టుతో కొలువుదీరి, రాజావారు గట్టిగా అడిగారు.

"ఎవరైనా చెప్పండయ్యా! బండి రావు చేతికిస్తే చవకా? నేను చేసుకుంటే చవకా?"

కొలువులో వాళ్ళు ఒకరి వెనక ఒకరు నక్కారు. రావు పేరు చెబితే డబ్బు గుర్తొస్తుంది. రాజు పేరు చెబితే కట్టు గుర్తొస్తుంది.

గవరయ్య తాంబూలం అందిస్తూ మెల్లగా అన్నాడు. "వచ్చే సర్వీసింగు అయ్యాక నేను మనవి చేసుకుంటాను, ప్రభూ."

"ఆకులకి సున్నం రాసేవాడా నా విద్యకి వెల కట్టేది?" రావుగారు మండిపడ్డాడు. "వీడు జవాబు చెప్పలేకపోతే కొలువులోంచి గెంటించాలి, ప్రభూ!"

"సరే, అలాగే," అన్నారు రాజావారు.

గవరయ్యకి ఇక అన్నమాట వెనక్కి తీసుకునే వీలు లేదు. కొలువు పోతే అరువిచ్చే కోమటి కూడా గుమ్మం ఎక్కనివ్వడు.

సర్వీసింగు రోజు వచ్చింది. బండిని షెడ్డుకి తనే తోసుకెళ్ళాడు గవరయ్య, దారిలో వంటశాల వెనక కాసేపు ఆగి. రావుగారు ఎప్పటిలాగే బండిని లోపలికి లాక్కుని గడియ పెట్టుకున్నాడు.

సాయంత్రం బండిని కొలువు ముంగిట నిలబెట్టారు. రావుగారు గొంతు సవరించుకుని బిల్లు చదివాడు. "ట్యాంకు కడిగినందుకు. పెట్రోలు గొట్టం ఊది శుభ్రం చేసినందుకు. కార్బురేటరు విప్పి తుడిచినందుకు. ఊరి పొలిమేర దాకా నడిపి చూసినందుకు."

"నడిపి చూశారా, రావుగారూ?" గవరయ్య వినయంగా అడిగాడు.

"చూడకుండా ప్రభువుల్ని ఎక్కిస్తానా? గాలిలా దూసుకుపోయింది!"

"ట్యాంకు కూడా తమరే స్వయంగా కడిగారా?"

"ఈ చేతులతో!"

గవరయ్య వెండి గ్లాసు తెచ్చి, ట్యాంకు కింది గొట్టం లాగి, దాని కింద పట్టాడు. గ్లాసు నిండా తెల్లగా నురగ కట్టింది. కొలువంతా ఇంగువ వాసన గుప్పుమంది.

"బిల్లు విని అలిసిపోయారు, ప్రభూ. కాస్త మజ్జిగ పుచ్చుకోండి."

రావుగారి మీసాలు వాలిపోయాయి.

"మహానుభావుడు, ప్రభూ! మజ్జిగతో పొలిమేర దాకా వెళ్ళొచ్చారు. ఇంక పెట్రోలు ఖర్చు కూడా లేదు మనకి," అన్నాడు గవరయ్య.

రాజావారు లేచి నిలబడ్డారు. "నా బండిలో మజ్జిగ పోస్తావుట్రా! ఆ ట్యాంకు ఎవడు కడుగుతాడు?"

"కడిగినట్టు బిల్లు రాసేశారు కదా, ప్రభూ. రావుగారే కడుగుతారు."

రాజావారి పెదవులు వణికాయి. నవ్వు ఆపుకుంటున్నారని గవరయ్యకి తెలిసిపోయింది. కాస్త ధైర్యం వచ్చింది.

"ఇంతకీ నా ప్రశ్నకి జవాబేదిరా? ఎవరు చేస్తే చవక?"

"తమరు విప్పారు, బిగించలేకపోయారు. ఆయన అసలు విప్పనే లేదు. తమరే చవక, ప్రభూ. కనీసం పనంటూ జరిగింది!"

కొలువంతా గొల్లుమంది. అందులో ఒక చురక తనకీ తగిలిందని రాజావారికి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. తెలిశాక ఇంకా గట్టిగా నవ్వారు. తిన్నదంతా కక్కి, ఇకపై తలుపులు బార్లా తెరిచి నలుగురి ముందు పని చేయమని రావుగారికి ఆజ్ఞ అయింది. నౌకర్ల జీతాలు ఆ పూటే ఇమ్మన్నారు.

"భేష్ గవరయ్యా! ఇదిగో నీ బహుమానం. ఈ మోటారు సైకిలు నీదే, తోలుకుపో!"

గవరయ్య రాజావారి కాళ్ళ మీద పడ్డాడు.

"ప్రభూ! నేనేం తప్పు చేశానని?"

రాజావారు నవ్వలేక డొక్కలు పట్టుకుని, తన చేతి బంగారు మురుగు తీసి గవరయ్య చేతికి తొడిగారు.