నవ్వు ముఖాల ఆజ్ఞ

రాజుగారి వంటశాలలో పనివాళ్లెవరూ ముఖం వేలాడేయకూడదని దివాను ఆజ్ఞ జారీ చేశాడు. నవ్వకపోతే పని పోతుంది. తల్లి పోయిన మర్నాడే గిన్నెలు తోమే సూరమ్మ నవ్వుతూ పనిలోకి రావాల్సి వచ్చింది. అది చూసి వంటమనిషి పైడమ్మకు కడుపు రగిలిపోయింది.

ఆ మధ్యాహ్నం దివానుకు పన్నుపోటు పట్టుకుంది. లవంగాల కోసం మూలుగుతూ వంటశాలకు వచ్చాడు. పైడమ్మ సైగ చేయగానే అందరూ పళ్లికిలించారు.

"నేను నొప్పితో చస్తుంటే నవ్వుతారా?" అని దివాను మండిపడ్డాడు.

"తమరి ఆజ్ఞే కదా దొరా. తమరూ నవ్వండి," అంది పైడమ్మ లవంగాలు అందిస్తూ.

"ఇంత నొప్పిలో ఎలా నవ్వమంటావే?"

"సూరమ్మ తరఫున మేమూ అదే అడుగుతున్నాం. తమరు జవాబు చెప్పేదాకా ఈ నవ్వు ఆపం."

ఒక్కరూ పెదవి ముడవలేదు. దివాను ఆజ్ఞ ఎత్తేసి తల దించుకుని వెళ్లిపోయాడు.

సూరమ్మ ఇంటికెళ్లి కరువుతీరా ఏడ్చింది.