దయామణి టీచరు తలుపు కొట్టిన రోజు

డిసెంబరు ఇరవయ్యో తారీఖు పొద్దున కెజియకి ఏం చెయ్యాలో పాలుపోలేదు.

కాకినాడ జగన్నాయకపురంలో, తన వంటింట్లోనే, ఆమె క్రిస్మస్ కేకులు చేసి అమ్ముతుంది. చిన్న ఓవెను. వాయికి రెండు కేకులు. సెప్టెంబరులోనే రెండు జాడీల నిండా ఎండుద్రాక్ష, ఖర్జూరం, నారింజ తొక్కలు ద్రాక్షరసంలో నానేసింది. అవి ముప్పై కేకులకి సరిపోతాయి. ఆర్డర్లు మాత్రం నలభై ఏడు తీసుకుంది. ఎవరేం అడిగినా "అలాగేనండి" అనేస్తుంది. ఆ మాట ఆమెకి తుమ్ము వచ్చినట్టు వచ్చేస్తుంది.

నిన్నటితో జాడీలు ఖాళీ అయ్యాయి. మిగిలిన పదిహేడు కేకుల కోసం కొత్త పళ్లు కొని, రసంలో గబగబా ఉడికించి, ఇవాళ మొదటిది చేసింది. అది ఓవెనులో ఉండగానే భానుగుడి వైపు ఏదో అపార్టుమెంటు నుంచి ఫోను. ఇంకో ఇరవై కేకులు కావాలట, సాయంత్రంలోగా మాట చెప్పాలట. కెజియ జీవితంలో మొదటిసారి "అలాగేనండి" నాలిక చివర ఆగింది.

ఆ కేకులో ఓ ముక్క కోసి డబ్బాలో పెట్టుకుని దయామణి టీచరు ఇంటికి పరుగెత్తింది. కెజియకి చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో బొగ్గుల పొయ్యి మీద కేకు చెయ్యడం నేర్పింది ఆవిడే. ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు. మోకాళ్లు అరిగిపోయాయి, మాట మాత్రం అరగలేదు.

"టీచరు గారూ, ఇంకా పదిహేడు కేకులు చెయ్యాలి, మళ్లీ ఇరవై అడుగుతున్నారు. ఒప్పుకోమంటారా, మానెయ్యమంటారా? ఒప్పుకుంటే చెయ్యలేను. మానేస్తే మళ్లీ నా గుమ్మం తొక్కరు. నాకు బుర్ర పనిచెయ్యడం లేదండి."

టీచరు ఆ ముక్క వాసన చూసింది. చిన్నగా తుంచి నోట్లో వేసుకుంది.

"ఈ పళ్లు ఎప్పుడు నానేశావే?"

"నానెయ్యలేదండి, గబగబా ఉడికించేశాను."

టీచరు డబ్బా మూత పెట్టేసి, చేతికర్ర అందుకుని, గోడ పట్టుకుని బయటికి నడిచింది. తన ఇంటి తలుపు తనే బయటినుంచి దగ్గరగా వేసింది. ఒక్కో మెట్టూ దిగుతున్న చప్పుడు వినిపించింది. అరుగుకి నాలుగు మెట్లు. కాసేపటికి అదే చప్పుడు పైకి వచ్చింది.

తలుపు మీద టకటకా కొట్టారు. కెజియ వెళ్లి తీసింది. ఎదురుగా టీచరే.

"కేజీ కేకు కావాలమ్మా, ఇరవై నాలుగో తారీఖుకి."

"టీచరు గారూ, మీరేంటండీ..."

"నేనెవరైతే నీకెందుకు? ఆర్డరు ఇవ్వడానికి వచ్చాను. చేస్తావా, చెయ్యవా?"

"అలాగేనండి."

టీచరు వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయింది.

ఈవిడకి మతిగానీ తప్పిందా అనుకుంది కెజియ. పాపం, ఒంటరిగా ఉంటోంది, ఎవరికి కబురు పెట్టాలి అని కూడా ఆలోచించింది. అంతలో మళ్లీ తలుపు చప్పుడు.

"మా అల్లుడు వస్తున్నాడమ్మా. రెండు కేజీలు చెయ్యాలి."

టీచరు అసలు పెళ్లే చేసుకోలేదు. ఏ అల్లుడు అని అడగబోయింది కెజియ. నోటినుంచి వచ్చింది మాత్రం, "అలాగేనండి."

మళ్లీ మెట్లు దిగడం. ఎదురింటి అప్పలకొండ బట్టలు ఆరేస్తూ, "ఏంటండీ టీచరు గారూ, తాళంచెవి పోయిందా?" అని కేకేశాడు. "నా తాళంచెవి ఉంది బాబూ," అని కింది నుంచి జవాబు వచ్చింది.

మూడోసారి తలుపు తీసేసరికి టీచరు రొప్పుతోంది.

"మీ చేతి కేకు అంటే మా ఇంట్లో పడి చస్తారమ్మా. ఒక్క అరకేజీ."

"చూస్తానండి," అంది కెజియ. తను చాలా గట్టిగా మాట్లాడానని కూడా అనుకుంది.

"చూస్తానంటే మేం సంచీ పట్టుకుని వచ్చేస్తాం," అని టీచరు మళ్లీ తిరిగింది.

"దిగకండి! కూర్చోండి టీచరు గారూ, మీకు దణ్ణం పెడతాను, ఏం కావాలో చెప్పండి, చేసిపెడతాను," అని కెజియ చెయ్యి పట్టుకోబోయింది. టీచరు విదిలించుకుంది. ఈసారి దిగడానికీ ఎక్కడానికీ చాలాసేపు పట్టింది. మధ్యలో చేతికర్ర జారిన చప్పుడు.

నాలుగోసారి గుమ్మంలో నిలబడ్డప్పుడు టీచరు కాళ్లు వణుకుతున్నాయి. చీర కుచ్చిళ్లకి మట్టి అంటింది.

"అమ్మా, ముసలిదాన్ని. ఇదే నా ఆఖరి క్రిస్మసేమో. ఒక్క కేకు చేసిపెట్టవా?"

కెజియ నోరు తెరిచింది. ఆ మాట వచ్చేసింది, పెదవుల దాకా వచ్చేసింది. ఆమె కళ్లు టీచరు మోకాళ్ల మీద పడ్డాయి. తను ఆ మాట అంటే ఈవిడ మళ్లీ దిగుతుంది.

"కుదరదండి."

"ఏంటీ?"

"కుదరదండి టీచరు గారూ." కెజియకి ఏడుపు వచ్చేసింది. "నానిన పళ్లు అయిపోయాయి. ఈ ఏడు ఇంక చెయ్యలేను."

"అలాగా," అంది టీచరు. "సరేనమ్మా. వచ్చే ఏడు ముందుగా చెబుతాలే."

అని లోపలికి వచ్చి, కుర్చీలో కూలబడి, మోకాళ్లు రాసుకుంది.

కెజియ కళ్లు తుడుచుకుంటూ కింద కూర్చుంది. "మీకు కోపం రాలేదా అండీ?"

"ఎందుకే? కేకు లేకపోతే పండగ మానేస్తానా? టీ పెట్టు."

కెజియ టీ పెట్టింది. ఇద్దరూ తాగారు. గ్లాసులు కడిగొచ్చాక అపార్టుమెంటు వాళ్లకి ఫోన్ చేసి, ఈ ఏడు కుదరదని చెప్పింది. అటువైపు వాళ్లు సరే అని పెట్టేశారు. అంతే. కెజియ ఆ ఫోను వంక చాలాసేపు వింతగా చూసింది. తర్వాత కొండంత బరువు దిగినట్టుగా నవ్వి, వెళ్లొస్తానని లేచింది.

"కూర్చో," అంది టీచరు. "నువ్వు అలాగేనన్న పదిహేడు మంది ఇంకా ఉన్నారు, వాళ్లకీ ఫోన్ చెయ్యి. వాళ్లందరి కోసం మెట్లెక్కే ఓపిక నాకు లేదు."